మా వైపు బాగానే ఉంది

పోయిన నెల మా అపార్ట్‌మెంటు కెమెరాలు పనిచేయడం మానేస్తే బాగు చేయడానికి ఒకాయన వచ్చాడు. నడివయసు మనిషి. సంచిలోంచి నీలం రంగు వైరు చుట్ట తీసి, సగం విప్పి, మెడలో కండువాలా వేసుకుని నిచ్చెన ఎక్కాడు. కూరగాయల సంచితో లిఫ్టు దగ్గర నిలబడ్డ నేను, లిఫ్టు వచ్చినా ఎక్కలేదు. వైర్లు లాగేవాళ్లకు వరంగల్లో కొదవ లేదు. అలా మెడలో వేసుకునే మనిషిని మాత్రం నేను ఒక్కరినే చూశాను.

“ఈ పని ఎవరి దగ్గర నేర్చుకున్నవు తమ్మీ?” అని అడిగాను.

“ఎనుమాముల రోడ్డు మీద మా సారు ఉండె మేడం. ఆయన దగ్గర్నే నేర్చుకున్న. పోయిండు గదా, మొన్న ఎండలప్పుడు. కూసున్న కాడ్నే గుండె ఆగిందట,” అన్నాడు, నిచ్చెన దిగకుండానే.

పైకొచ్చి కూరగాయలు వంటింటి గట్టు మీద పెట్టి కూర్చున్నాను. ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. నాకెవరూ కబురు చెప్పలేదని కాదు. ఆ మనిషితో నాకు ఒక పోట్లాట బాకీ ఉంది. ఆయన చేసిన ఒక పని ఒప్పో తప్పో తేల్చుకోవాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. అది తేలకుండానే ఆయన పోయారు.

హనుమకొండలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఇద్దరం కలిసి పనిచేశాం. నేను ల్యాబు ఇన్‌ఛార్జిని. ఆయన కంప్యూటర్లు చూసే మనిషి. చూడడమంటే అన్నీ కలిపి ఒక కాపురంలా నడపడం. రక్తం పరీక్షించే మిషను పక్కన ఉన్న కంప్యూటరు ఎప్పటిదో పాతది, మార్చడానికి వీల్లేదు. వార్డుల్లో రిపోర్టులు చూపించే తెరలు నడిపే సాఫ్ట్‌వేరు హైదరాబాదు వాళ్లది. మందుల షాపుది ఇంకెవరిదో. ఒకదాని భాష ఇంకోదానికి సగమే అర్థమవుతుంది. ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒకటి అలిగేది. అప్పుడు అందరం ఫోను ఎత్తి ఒకటే మాట అనేవాళ్లం: “అన్నా, నెట్ లేదు.”

ఆ మాటంటే ఆయనకు ఒళ్లు మంట.

“నెట్ లేదు అనద్దు చెల్లె. ఎవరు పిలిచిండ్రు, ఎవరు పలుకుతలేరు? ముందుగాల గది చెప్పు.”

“నాకేం తెలుసన్నా? రిపోర్టు వార్డుకు పోతలేదు.”

“పోతలేదా, పోయినంక అందుతలేదా? రెండూ ఒకటి కాదు.”

మామూలప్పుడు నేను ఆయనకు చెల్లెను. కోపం వస్తే మాత్రం మేడంను. ఎవరైనా ఆయన వచ్చేలోపు కంప్యూటరు ఆపి మళ్లీ పెట్టారనుకోండి, ఆ రోజు ఆసుపత్రిలో అందరూ మేడంలు, సార్లే. ఆపి పెడితే పని నడుస్తుంది, నిజమే. కానీ ఎందుకు ఆగిందో చెప్పే గుర్తులన్నీ చెరిగిపోతాయి. “శవాన్ని కాలవెట్టినంక ఎట్ల సచ్చిండని అడిగితే నేనేం జెప్పాలె మేడం?” అని రోగుల బంధువుల ముందే అరిచేవారు. ఆసుపత్రిలో అనకూడని మాటలేమిటో ఆయనకు చివరిదాకా ఒంటబట్టలేదు.

వాళ్లది కొత్తవాడ. నాన్న జంపఖానాలు నేసేవాడట. మగ్గం మీద పోగు తెగితే కళ్లతో వెతకరు, వేళ్లతో తడుముతూ పోతారని చెప్పేవారు. ఆయన కూడా వైరును ఈ చివరి నుంచి ఆ చివరి దాకా చేత్తో తడుముకుంటూ గోడల వెంట నడిచేవారు. లాప్‌టాప్‌లో కొట్టి చూస్తే తేలిపోయే దానికి ఈ యాత్ర ఏమిటని నేను ఎగతాళి చేసేదాన్ని. “లాప్‌టాప్ అందరికంటె పెద్ద అబద్ధాలకోరు,” అనేవారు.

ఆయన అచ్చంగా గొప్పలు చెప్పుకునే మనిషి. మందుల షాపు కంప్యూటరు రోజూ సాయంత్రం కాసేపు మాయమైపోతుంటే, పెద్ద డాక్టరు గారి గదిలో కొత్తగా పెట్టిన టీవీకి కూడా నెట్‌వర్కులో అదే నంబరు ఉందని కనిపెట్టారు. ఆ కథ నాకు కంఠతా వచ్చు. “ఒక్కటే ఇంటి నంబరు రెండిండ్లకుంటే పోస్టుమనిషి ఏం జేస్తడు పాపం?” అని ముగించి, నా మొహంలోకి చూసేవారు. నేను ప్రతిసారీ కొత్తగా విన్నట్టు నవ్వాలి. నవ్వకపోతే మళ్లీ మొదట్నుంచి చెప్పినా చెప్తారు.

తప్పులూ చేసేవారు. బ్లడ్‌బ్యాంకు కంప్యూటరు పొద్దుటిపూట ఆగిపోతోందంటే కారణం క్యాంటీన్ మిక్సీయేనని తీర్మానించి, క్యాంటీన్ నడిపే లచ్చమ్మతో పెద్ద గొడవ పెట్టుకున్నారు. ఆమె ఆయన ఏడు తరాలనూ పేరుపేరునా తిట్టింది. తీరా చూస్తే కారణం లిఫ్టు మోటారు. క్షమించమని అడిగిన పాపాన పోలేదు. కాకపోతే ఆ తర్వాత టీ బయట తాగడం మానేసి లచ్చమ్మ దగ్గరే తాగడం మొదలుపెట్టారు. ఆమెకు అర్థమైంది. మిగతా వాళ్లకు టీ గ్లాసులో పోసేది, ఈయనకు మాత్రం సాసరు కూడా ఇచ్చేది.

కంపెనీల వాళ్లతో ఆయన పంచాయతీ చూసి తీరాలి. ల్యాబు మిషను కంపెనీ మనిషికి ఫోను చేస్తే, “సార్, మా వైపు బాగానే ఉంది,” అంటాడు. హైదరాబాదు సాఫ్ట్‌వేరు మనిషి కూడా అదే అంటాడు. ఈ వ్యాపారంలో ఉన్నవాళ్లందరూ పుట్టగానే నేర్చుకునే మొదటి మాట అది. ఆయన ఏం చేసేవారంటే, తన ఫోనూ నా ఫోనూ స్పీకర్లో పెట్టి బల్ల మీద ఎదురెదురుగా ఆనించేవారు. తను కుర్చీలో వెనక్కి వాలి, ఊళ్లో ఆలుమగల తగవుకు కూర్చున్న పెద్దమనిషిలా మొదలుపెట్టేవారు.

“ఇద్దరూ మంచోళ్లే. ఇద్దరి తప్పూ లేదు. మరి సంసారమెందుకు నడుస్తలేదో జర నాకు సమజయ్యేటట్టు చెప్పుండ్రి.”

వాళ్లు నీళ్లు నమిలేవాళ్లు. అవతలి వాళ్ల సంగతి మాకు తెలియదనేవాళ్లు. “అవుతలోని సంగతి తెల్వకుంట నీ దిక్కు బాగున్నదని ఎట్ల జెప్తానవు సారూ?” అనేవారు ఆయన. ఆ ప్రశ్నకు జవాబు చెప్పిన కంపెనీ మనిషిని నేను చూడలేదు.

అలాంటి మనిషి ఒకసారి తనే ఆ మాట అన్నారు. అప్పుడు నేను ఆ గదిలోనే ఉన్నాను.

అది మేడారం జాతర జరుగుతున్న వారం. ఆ రోజుల్లో వరంగల్ సగం ఖాళీ అవుతుంది. డాక్టర్లకు పని ఉండదు, ల్యాబులో మిషన్లు ఊరికే మూలుగుతుంటాయి. డయాలసిస్ కోసం వచ్చే ఒక ముసలాయన ఉండేవాడు. ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాలు మోసి మోసి నడుం వంగిన హమాలీ. ఆ మధ్యాహ్నం నీరసంగా ఉందంటే వార్డులో పడుకోబెట్టి రక్తం తీసి మాకు పంపారు. మా టెక్నీషియను స్వరూప పరీక్ష చేసింది. పొటాషియం హద్దు దాటిపోయి ఉంది. అంత ఉంటే గుండె ఏ క్షణాన్నయినా ఆగుతుంది. ఆమె రిపోర్టు పంపింది. తెర మీద పచ్చటి టిక్కు వచ్చింది. ఇదివరకైతే ఇలాంటి రిపోర్టుకు ఫోను కూడా చేసేవాళ్లం. వార్డులో తెరలు పెట్టాక, ఎర్రగా వెలుగుతుంది కదా, ఫోన్లెందుకని యాజమాన్యం మాన్పించింది.

వార్డు తెర మీద ఏమీ వెలగలేదు. ల్యాబులో ఇంకా పరీక్ష కాలేదని వాళ్లనుకున్నారు. ఎంతోసేపటికి నర్సు ఫోను చేసి అడిగితే, స్వరూప బిత్తరపోయి మళ్లీ పంపింది. ఈసారి అందింది. డాక్టరు పరుగెత్తుకుంటూ వెళ్లేసరికి ముసలాయన ప్రాణం పోతూ ఉంది.

స్వరూప వర్ధన్నపేట దగ్గర పల్లె నుంచి రోజూ బస్సులో వచ్చిపోయే పిల్ల. ఇద్దరు చిన్నపిల్లల తల్లి. మొదటిసారి పంపానని ఆమె ఎంత మొత్తుకున్నా రుజువు లేదు. ఆ పాత కంప్యూటరు ఆఖరున పంపిన వేళను మాత్రమే దాచుకుంటుంది. మళ్లీ పంపగానే మొదటిది చెరిగిపోయింది. పంపడం మరిచిపోయి ఇప్పుడు అబద్ధమాడుతోందని అందరూ అనుకున్నారు. రోగి చావుకు కారణమన్న మచ్చతో బయటికి పంపితే ఈ ఊళ్లో ఏ ల్యాబూ ఆమెను గుమ్మం తొక్కనివ్వదు.

ఎమ్‌డీ గారు అందరినీ పిలిచి కూర్చోబెట్టారు. మిషను కంపెనీ తమ వైపు బాగానే ఉందంది. సాఫ్ట్‌వేరు కంపెనీ అదే అంది. చివరికి ఈయన వంతు వచ్చింది.

“వైర్లు, పెట్టెలు అన్నీ చూసిన సార్. మన నెట్‌వర్క్ దిక్కు బాగనే ఉన్నది,” అన్నారు.

గోడకు ఆనుకుని నిలబడ్డ స్వరూప తలెత్తి ఆయన వైపు చూసింది. నాకు ఆమె మీద కంటే ఆయన మీదే జాలి వేసింది. ఎందుకంటే మాట నోట్లోంచి వచ్చాక ఆయన మొహం మారిపోయింది, తనెవరి మాట అన్నారో అప్పుడే వినబడినట్టు.

ఆ మర్నాటి నుంచి ఆయన మా ల్యాబులోనే మకాం పెట్టారు. వందలకొద్దీ ఉత్తుత్తి రిపోర్టులు పంపించి చూశారు. ఒక్కటీ తప్పిపోలేదు. ఎంత రద్దీ పెంచినా చక్కగా అందుతున్నాయి. మనిషి తిండి మానేశారు. లచ్చమ్మ టీ పైకి పంపితే చల్లారిపోయేది. ఆ వారం ఎవరినీ చెల్లె అనలేదు, మేడం అనీ అనలేదు. మిషను పక్కన స్టూలు వేసుకుని ఊరికే కూర్చునేవారు. ఒకరోజు మధ్యాహ్నం జాతర నుంచి జనం ఇంకా తిరిగిరాక ల్యాబు బోసిగా ఉన్నప్పుడు, చాలాసేపు ఏమీ పంపకుండా ఆగి, ఒక్క రిపోర్టు పంపారు. టిక్కు వచ్చింది. వార్డులో తెర వెలగలేదు. వెంటనే ఇంకొకటి పంపారు. అది అందింది.

నా గదిలోకి వచ్చి తలుపు దగ్గరే నిలబడ్డారు.

“రద్దీల పోతలేదు చెల్లె. ఊకున్నప్పుడు పోతాంది,” అన్నారు.

“అంటే?”

“ఎవరూ ఏం మాట్లాడకుంట గంట గడిస్తె, ఆ లైను సచ్చిందనుకొని నడుమ కాపలా ఉన్న పెట్టె దాన్ని తీసి పారేస్తాంది. తీసేసిన్నని ఇటు చెప్పదు, అటు చెప్పదు. మన ముసలి కంప్యూటరు లైను ఉన్నదనుకొనే మాట్లాడుతది. ఇనేటోడు లేడు. అందిందా లేదా అని అడిగే అలవాటు దానికి లేదాయె, టిక్కు పెట్టుకుంటది. రెండోసారి లైను లేదని తెలిసి కొత్తది కలుపుకుంటది. అందుకే రెండోది పోతది. మొదటిది గంగల కలుస్తది.”

మామూలు రోజుల్లో పగటిపూట మా ల్యాబు గంటసేపు నోరు మూసుకుని ఉండదు. రాత్రిళ్లు అప్పుడప్పుడూ రిపోర్టులు తప్పిపోయేవని తర్వాత తెలిసింది. మళ్లీ పంపమంటే పంపేవాళ్లు. ఎవరూ పట్టించుకోలేదు.

“ఆ పెట్టెకు ఆ బుద్ధి ఎవరు నేర్పిండ్రన్నా?” అన్నాను.

“నేనే. వైరస్ పడ్డదని జాతర ముంగట కట్టుదిట్టం చేసిన గదా. గంటసేపు సప్పుడు లేనిదాన్ని సచ్చిందనుకొమ్మని రాసింది నేనే.”

ఆయన చెప్పకపోతే ఇది లోకంలో ఎవరికీ తెలిసేది కాదు. ఆ ఒక్క అంకె మార్చేసి మెదలకుండా ఉంటే సరిపోయేది. స్వరూప వెళ్లిపోయేది, ఈయన టీవీ కథ చెప్పుకుంటూ రిటైరయ్యేవారు. నేరుగా ఎమ్‌డీ గారి దగ్గరికి వెళ్లారు. నేనూ వెళ్లాను.

ఎమ్‌డీ గారు అంతా విని, “సరిచేశారా?” అని మాత్రం అడిగారు.

“చేసిన సార్.”

“మంచిది. ఈ మాట ఈ గది దాటకూడదు. ఒక అమ్మాయి పొరపాటైతే ఆ అమ్మాయితో పోతుంది. ఆసుపత్రిదే పొరపాటని మనంతట మనమే చెప్పుకుంటామా?”

“ఆ పిల్ల తప్పు లేదు సార్,” అన్నారు ఈయన.

“మీ ఉద్యోగం ఉంటుంది. వెళ్లండి,” అన్నారు ఎమ్‌డీ గారు. నేను గొంతు పెంచి స్వరూప తరఫున నాలుగు మాటలన్నాను గానీ అవి ఏసీ చప్పుడులో కలిసిపోయాయి.

మెట్లు దిగుతూ ఈయన అన్నారు: “ఎల్లుండి ముసలాయన దినాలంట. ఎనుమాముల పోత. వస్తవా చెల్లె?”

నాకు మతిపోయింది. స్వరూప కోసం ఇక్కడ ఎంతైనా కొట్లాడదాం, ముసలాయన భార్య, ఆ ముసలమ్మ దగ్గరికి ఎందుకన్నాను. “ఆళ్ల మనిషి పోయిండు. పంపిందెవరు, అందకుంట చేసిందెవరు, ఆళ్లకు తెల్వద్దా?” అన్నారు. ఆ ఇంటివాళ్లకు తెలిస్తే ఇక స్వరూప మీద నెట్టడం కుదరదన్న లెక్క కూడా ఆయన మనసులో ఉండే ఉంటుంది. రెండింటిలో ఏది పెద్దదో నేను అడగలేదు. వద్దని మాత్రం చెప్పాను. వినలేదు. ఒక్కణ్ణే పంపడం ఇష్టం లేక నేనూ వెళ్లాను.

ఆ తర్వాత జరిగింది ముందే చెప్పేస్తాను. ఆ ఇంటివాళ్లకు తెలిసిపోయిందని ఈయన నోటే వినగానే ఆసుపత్రి స్వరూప జోలికి వెళ్లడం మానేసింది. ఆమె ఇప్పటికీ అదే ల్యాబులో పనిచేస్తోంది. ఈయన్ను ఆ వారమే పొమ్మన్నారు. ఇంకే ఆసుపత్రీ తీసుకోలేదు. కెమెరాలు బిగించే చిన్న షాపు పెట్టుకున్నారు. రెండు మూడుసార్లు కలిశాను. టీ ఇప్పించారు. టీవీ కథ చెప్పలేదు. నేనే గుర్తుచేస్తే, “అదేముంది, పాత ముచ్చట,” అన్నారు. గొప్పలు చెప్పుకోని ఆ మనిషి నాకు పరాయివాడిలా కనిపించారు. అంతకంటే బాధ ఆసుపత్రిలో కూడా నేను పడలేదు.

ఎనుమాముల వెళ్లిన పూట సంగతి చివరికి ఉంచుకున్నాను, చెప్పాలని లేక.

మిర్చి సీజను. గాలి నిండా ఘాటు. ఆటో దిగుతూనే ఇద్దరం దగ్గాం. రేకుల ఇల్లు. దినాలకు వచ్చిన చుట్టాలు తిని వెళ్లిపోయారు. కొడుకు గిన్నెలు తిరిగివ్వడానికి వెళ్లాడు. ముసలమ్మ గడపలో కూర్చుని ఉంది. మేం ఆసుపత్రి నుంచి వచ్చామంటే చాప పరిచి, నీళ్లిచ్చి, మళ్లీ అక్కడే కూర్చుంది.

ఆయన చాప మీద కాకుండా ఆమె ముందు నేల మీద కూర్చున్నారు. ఒక్క కంప్యూటరు మాట లేకుండా మొత్తం చెప్పారు. రక్తం చూసిన పిల్ల వెంటనే కబురు పంపిందని, ఆ కబురు డాక్టరుకు అందకుండా నడుమ తాను పెట్టిన పెట్టె మింగేసిందని, పిల్ల తప్పేమీ లేకున్నా ఆమె నౌకరి పోయేలా ఉందని. ఆయన కంపెనీల వాళ్లను అడిగినట్టే, అంతా అయ్యాక ఆమె నెమ్మదిగా అడిగింది.

“ఆ పిల్ల పంపింది.”

“పంపింది అవ్వా.”

“నీ పెట్టె అందనియ్యలే.”

“అందనియ్యలే.”

“నువ్వు కావాల్నని చేసినవా?”

“లేదవ్వా.”

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. ఏడవడం లేదు, ఘాటుకు కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి.

“అందితే బతుకునా?”

నేను ఆయన భుజం మీద చెయ్యి వేశాను. తెలియదని చెప్పండి, చాలు, అన్నట్టు నొక్కాను. ఆయన నా వైపు చూడలేదు.

“బతుకుతుండె కావచ్చు అవ్వా,” అన్నారు.

వాకిట్లో ఎవరిదో మేక వచ్చి విస్తరాకులు లాగుతోంది. ఆమె దాన్ని తోలలేదు.

“డాక్టరు సారు నాకు చెప్పిండు, అవ్వా ఆయన టైమొచ్చింది, పోయిండు అని. నేను ఆ మాట పట్టుకొనే ఇన్నొద్దులు అన్నం తిన్న, పండుకున్న. ఆయనకు నొప్పి పోయింది, మంచిగ పోయిండు అనుకున్న. నువ్వొచ్చి బతుకుతుండె అంటివి. ఆ పిల్ల నౌకరి నిలవడతది, నీ మనసుల బరువు దిగింది. ఇగ నేనెట్ల పండుకోవాలె కొడుకా?”

ఎవరినైనా నిలదీసే ఆ మనిషి చేతులు రెండూ మోకాళ్ల మీద పెట్టుకుని అలాగే కూర్చున్నారు. ముసలమ్మ ఆయన జవాబు కోసం నిజంగానే ఎదురుచూసింది. రాదని తెలిశాక నా వైపు తిరిగింది.

“ఈయన్ని తీస్కపో బిడ్డా,” అంది, “మా పోరగాడు వచ్చే యాల్లయింది. ఆనికి సుత చెప్తడేమో.”